చెప్పొద్దన్నవారి జాబితా

నమోదు 1811
సోమవారం, ఉదయం పోటు

తలుపు తెరిచింది ఎనిమిదింబావుకి. పావుగంట ఆలస్యం. కారణం: రెండో తాళంచెవి దారిలో జంతికలు తింటూ కూర్చుంది.

నా భుజం మీదుగా తొంగి చూసి నూకరాజు బాబాయి ఈ వాక్యానికి అభ్యంతరం చెప్పాడు.

"తాళంచెవి జంతికలు తింటదా అమ్మాయ్? మనిషి తిన్నాడని రాయి. మనిషికి ఆకలేసిందని కూడా రాయి."

రాశాను. ఊపిరి గదిలో జరిగేదేదీ దాచకూడదన్నది నియమం.

గదికి రెండు తాళాలు. మొదటిది నాది. పరీక్ష పెట్టి, చదువు చూసి నియమించిన నిర్వాహకురాలిని నేను. రెండోది, ఊపిరి ఇచ్చినవాళ్ళందరి తరఫున మా ఊరు లంగరుపేట చేతులెత్తి ఎన్నుకున్న మనిషిది. ఓలేటి నూకరాజు, అరవై మూడేళ్ళు, అందులో నలభై పడవ మీదే గడిచాయి. ఇద్దరం పక్కపక్కన నిలబడి ఒకేసారి తిప్పితే తప్ప తలుపు కదలదు. ఆరేళ్ళుగా తిప్పుతున్నాం. మాలో ఎవరికి జ్వరమొచ్చినా గదికి సెలవే.

లోపల ఉన్నది రెండువేల మూడువందల నలభై మంది నిద్ర. ఏడేళ్ళ క్రితం ఒక్కొక్కరి తలగడ పక్కన గుండీ అంత యంత్రం పెట్టి, ఏడాదిపాటు వాళ్ళ శ్వాసని పట్టి ఉంచారు. మెట్ట నగరంలో ఉన్న శుద్ధి కేంద్రం అందులోంచి పేర్లూ ఇంటి నంబర్లూ మాటలూ తీసేసి, మనిషికో అంకె ఇచ్చి తిరిగి పంపింది. ఏ అంకె ఎవరిదో చెప్పే పట్టిక వేరే ఊళ్ళో, వేరే తాళాల కింద ఉంది. అది నేను చూడలేదు, చూడకూడదు.

పొద్దుటి పనులు: తలుపు రబ్బరు అంచుకి పట్టిన ఉప్పు తుడవడం, తేమ పీల్చే సంచులు ఎండకి వేయడం, హెడ్‌ఫోన్లు లెక్క చూసుకోవడం.

పదింటికి మెట్ట నుంచి వచ్చే పడవలో డాక్టర్ షహనాజ్ దిగింది. ముప్పై రెండేళ్ళు. ఉప్పు గాలిలో బతికేవాళ్ళకి నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు మీద పని చేస్తోంది. దిగుతూనే రేవులో వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, నవ్వింది.

"నీళ్ళ మీద ఎట్ల ఉంటరక్కా మీరు? ఇల్లు ఊగుతుంటే అన్నమెట్ల తింటరు?"

"మేం అన్నం తింటంటే ఇల్లూగుద్దండి, ఆయ్," అన్నాడు బాబాయి.

ఆమె ఇవాళ చదివింది అంకెల పట్టికలు మాత్రమే. ముప్పై సెకన్లకు మించి ఊపిరి ఆగిపోతున్నవాళ్ళు నలభై మంది తేలారు. ముక్కుకు తగిలించే గాలితొడుగు ఒకటి ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. అది పెట్టుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు. పెట్టుకోకపోతే ఎప్పుడో ఒకసారి, ఆగిన ఊపిరి మళ్ళీ మొదలవదు. తొడుగులో గాలి ఎంత ఉండాలో తేల్చాలంటే ఆ నలభై శ్వాసలనూ చెవితో వినాలి. అనుమతుల సంఘం ఒప్పుకుంది. అయితే ముందు నేను విని, తొలగించకుండా మిగిలిపోయిన మాటలేమీ లేవని తేల్చాలి. అది రేపటి పని.

ఇక్కడినుంచి కాగితం ముక్క కూడా బయటికి పోదు. బుర్రలో పట్టుకెళ్ళేదాన్ని ఎలాగూ ఆపలేం కాబట్టి, వెళ్ళేవాళ్ళు ఏం గుర్తుపెట్టుకుని వెళ్తున్నారో గుమ్మంలో చెప్పి వెళ్ళాలి. చదువుకున్నవాళ్ళ సంఘం పెట్టిన నియమం కాదిది, ఊరు పెట్టింది. రెండో తాళంచెవి అడుగుతుంది, నేను రాస్తాను.

"ఏం పట్టుకెళ్తన్నారండి డాక్టరమ్మ గారు?"

"నలభై మంది అని ఒక లెక్క. అందులో పదకొండు మందికి తెల్లవారుజామున ఎక్కువ ఆగుతున్నదని. ఇంక... ఆకలి."

"ఆకలి కూడా రాయి సుచరితమ్మా. అది మాత్రం మా ఇంటిదాకా పట్టుకెళ్ళొచ్చు. మా ఆవిడ లోవమ్మ పులుసు పెట్టింది."


నమోదు 1812
మంగళవారం. మూత పుట

పుస్తకం చివర ఇలాంటి పుటలు కొన్ని ఉంటాయి. నిర్వాహకులు తమ మనసు చిక్కుపడ్డప్పుడు రాసి, మడిచి, అంటించేయవచ్చు. ఎవరి సంగతి ఉందో వాళ్ళు ఒప్పుకుంటే తప్ప విప్పకూడదు. ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.

పదిహేడో శ్వాస వింటున్నాను. మగమనిషి. పెద్ద గురక. ముప్పై ఎనిమిది సెకన్లు ఆగింది. అలా ఆగినప్పుడు గదిలో మిగిలేది నిశ్శబ్దం అనుకుంటాం. కాదు. గొలుసు వినిపించింది.

మా ఇళ్ళన్నీ పీపాల మీద తేలుతుంటాయి. ఒక్కో ఇంటిని ఒక్కో గొలుసుతో రాటకి కట్టి ఉంచుతారు. అలకి ఇల్లు లేచి పడినప్పుడల్లా గొలుసు చప్పుడు చేస్తుంది. ఎవరి గొలుసు వాళ్ళది: ఒకరిది పాత ఓడది, ఒకరిది బావి గిలకది, ఇంకొకరిది తెగినచోట దొరికినదేదో వేసి అతికించినది. పొగమంచు పట్టినప్పుడు పడవవాళ్ళు కళ్ళు మూసుకుని గొలుసులు వింటూ ఇళ్ళు పోల్చుకుంటారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి తమ ఇంటి తలుపు రంగు కంటే ముందు గొలుసు చప్పుడు తెలుస్తుంది.

మెట్ట నగరంలో శుద్ధి చేసినవాళ్ళకి అది ఉత్త ఇనుప రొద. మాటలు తీసేశారు, దగ్గులో పలికిన "అమ్మా"ని కూడా తీసేశారు, గొలుసుని వదిలేశారు. తప్పు వాళ్ళదని రాయబోయి ఆగాను. ఆరేళ్ళుగా వందల నమూనాలు విన్నది నేను. ఈ ఊరి శబ్దాలకి అలవాటుపడి, నాకూ అది వినిపించడం మానేసింది.

ఇవాళ వినిపించింది. రెండుసార్లు మొద్దుగా, మూడోసారి ఇత్తడి ఖణేలుమంటూ. ఒక వలయం తెగితే కొత్త ఇనుము దొరక్క, లోవమ్మ పిన్ని తన పుట్టింటి బిందె మెడ కోయించి వేయించిన గొలుసు. గురువారం గురువారం ఆ ఇంట్లో నేను అన్నం తింటాను. ఆ గురక కూడా మధ్యాహ్నాలు ఈ గది బయట బెంచీ మీద రోజూ వినేదే.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. గాజు తలుపు అవతల ఆయన బెంచీ మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు.

బయటికి వచ్చేటప్పుడు అలవాటుగా అడిగాడు. నియమం నాకూ వర్తిస్తుంది.

"ఏం పట్టుకెళ్తన్నావమ్మాయ్?"

"ఏమీ లేదు బాబాయ్."

"ఏమీ లేదంట," అని ఆయనే తన వంకర అక్షరాలతో రాసుకున్నాడు.


నమోదు 1814
గురువారం. మూత పుట

చెప్పేస్తే అయిపోదా? అయిపోదు.

ఊపిరి ఇచ్చిన రోజున ఊరంతా రెండు జాబితాలుగా విడిపోయింది. జబ్బేదైనా బయటపడితే చెప్పమన్నవాళ్ళు, చెప్పొద్దన్నవాళ్ళు. చెప్పమన్నవాళ్ళకి పట్టిక ఉన్న ఊరినుంచి ఎప్పుడో కబురు వెళ్ళింది; షహనాజ్ దగ్గర మిగిలిన నలభై మందీ చెప్పొద్దన్నవాళ్ళే. రెండో జాబితాలో ఉన్నవాళ్ళని నిర్వాహకులు మళ్ళీ అడగకూడదు, సూచించకూడదు, ముఖంలో కూడా కనిపించనివ్వకూడదు. వాళ్ళంతట వాళ్ళు వచ్చి మార్చుకుంటే తప్ప ఆ మాట మీదే ఉండాలి. ఆ మాట ఇచ్చినందువల్లే రెండువేల పైచిలుకు మంది తలగడ పక్కన యంత్రం పెట్టనిచ్చారు.

నూకరాజు బాబాయి రెండో జాబితాలో ఉన్నాడు. అది రహస్యం కాదు, ఆయనే అందరికీ చెప్పుకుంటాడు. "తెలిసిందనుకో, ముందు లోవమ్మ ఉప్పుచేప మానిపిస్తది. తరవాత మెల్లిగా నన్నే మానిపిస్తది."

ఇవాళ అన్నానికి వెళ్ళాను. వెళ్ళకపోతే అనుమానం, వెళ్తే పరీక్ష. లోవమ్మ పిన్ని కొర్రమీను వేపుడు వడ్డిస్తూ, "ఏంటే, ముద్ద మింగడం లేదు? సంబంధమేమన్నా వచ్చిందా?" అంది.

"నలభై ఆరేళ్ళకి ఏం సంబంధం పిన్నీ."

"ఏం, ఇనుప గొలుసుకే రెండో వలయం ఏత్తన్నాం. నీకేమొచ్చింది?"

బాబాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి, ఆయాసపడి, మంచినీళ్ళు తాగాడు. అంతకుముందు అయితే "నీ ఆయాసం చూపించుకో బాబాయ్" అనేదాన్ని. ఎన్నోసార్లు అన్నాను కూడా. కిందటి వారం దాకా ఆ మాట ప్రేమ. ఇవాళ అదే మాట అంటే, గదిలోంచి దొంగిలించి తెచ్చిన సమాచారం. నోటిదాకా వచ్చిన ప్రతి మాటనీ వెనక్కి తిప్పి చూశాను, ఇది నాదా, పదిహేడో శ్వాసదా అని. తేల్చుకోలేక నోరు మూసుకున్నాను. మూసుకుంటే అదొక దొంగతనంలా ఉంది.

పెద్ద చదువు చదివాను, విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం పాఠాలు చెప్పాను. రెండువేల మూడువందల నలభై లాంటి అంకెలు పిల్లలకి బోర్డు మీద రాసేటప్పుడు, అందులో ఒకటి ఎదురుగా కూర్చుని వేపుడు ముక్క మన కంచంలోకి తోస్తుందని ఎవరూ నేర్పలేదు.


నమోదు 1815
శుక్రవారం, ఉదయం ఆటు

డాక్టర్ షహనాజ్ అనుమతిని నిలిపివేశాను. నలభైలో ఒక్క శ్వాసా ఆమెకి వినిపించలేదు. గది మూసి ఉంచాలని అనుమతుల సంఘానికి రాశాను. కారణం: శుద్ధి చేసిన శబ్దాల్లో ఇళ్ళ గొలుసులు మిగిలిపోయాయి. ఊరివాళ్ళెవరైనా వింటే ఇల్లు పోల్చుకోగలరు.

ఆ తర్వాత ఇద్దరి ముందూ నిలబడి ఇంకో మాట చెప్పాను. "మంగళవారం గుమ్మంలో ఏమీ లేదన్నాను. అది అబద్ధం. ఒకటి పట్టుకెళ్ళాను. అదేంటో చెప్పలేను."

బాబాయి నా వైపు చూడలేదు. పుస్తకంలో మంగళవారం పుట తీసి, తను రాసినదాన్ని కొట్టేసి, కలం నాకిచ్చాడు. "నువ్వే రాసుకో."

షహనాజ్ మాత్రం ఊరుకోలేదు.

"అక్కా, నలభై మంది ఉన్నరు. ఎవరో తెల్వదని ఇన్నొద్దులు ఏడ్చినం. ఇప్పుడు తెల్సుకునే తొవ్వ దొరికింది. ఇగో, బాబాయి ఉన్నడు, పొద్దుగూకేలోపు నలభై గొలుసులు ఇని నలభై ఇండ్లు చెప్తడు. నేను తొడుగులు పట్టుకుని పోయి ఇచ్చొస్త. ప్రాణాలు కదక్కా ఇవి!"

ఆమె అడిగింది నేను మూడు రోజులుగా నన్ను అడుగుతున్నదే. ఒక్క మనిషి కోసం నేను చేయాలనుకుంటున్నదాన్ని ఆమె నలభై మంది కోసం చేద్దామంటోంది. ఆమె స్వార్థం నాకంటే తక్కువ.

జవాబు బాబాయి చెప్పాడు.

"డాక్టరమ్మ గారండి, సముద్రం పైకొచ్చినప్పుడు మమ్మల్ని పడవల్లో మెట్టకి తోలుకెళ్ళారు. గట్టు మీద ఒకాయన కాగితం పట్టుకు నిలబడ్డాడు. అందులో ఛాతీ జబ్బున్నోళ్ళ పేర్లున్నాయి. అంతకుముందు మందులిస్తామని పరీచ్చలు చేసి రాసుకున్నవేనండి, మంచికే రాశారు. మా అన్నయ్య పేరు చదివి, నువ్వు పడవలోనే ఉండన్నారు. పదకొండు రోజులున్నాడు. పన్నెండో రోజు శవాన్ని మేమే దించాం." పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. "మంచికి తీసిన తలుపైనా సరే, తీసే ఉంటదండి. ఎనకాల ఎవడొత్తాడో మనకి తెలీదు."

షహనాజ్ తల దించుకుంది. "మరి వాళ్ళు చచ్చిపోతే?" అంది చిన్నగా.

"అదీ నిజమేనండి," అన్నాడు.

అంత మంచి మనిషి అంత నిజాయితీగా ఒప్పుకుంటుంటే, ఆయన గురించే మాట్లాడుతున్నామని నా ఒక్కదానికే తెలిసి, నేను కిటికీ తలుపు మేకు సరిచేస్తూ నిలబడ్డాను. ఆ మేకుకి ఏమీ కాలేదు.


నమోదు 1816
సోమవారం, ఉదయం పోటు

సంఘం జవాబు వచ్చింది. నిజంగానే పోల్చుకోగలరని రుజువు కావాలట. "రెండో తాళంచెవి చేత వినిపించి నిర్ధారించండి" అని ఉంది.

లోపలి శ్వాసలు ఆయనకి వినిపిస్తే, రుజువు కోసం ఊళ్ళోవాళ్ళ రహస్యాలు బయటపెట్టినట్టే. అందుకని వేరే దారి ఆలోచించాను. నిన్న నాలుగిళ్ళకి వెళ్ళి, ఎందుకో చెప్పి, ఒప్పుకున్నాక, పట్టపగలు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, అదే యంత్రంతో గొలుసుల చప్పుడు పట్టుకొచ్చాను. శుద్ధి కేంద్రం వాడిన పద్ధతిలోనే దాన్ని శుద్ధి చేశాను.

బాబాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

మొదటిది మోగీ మోగకముందే, "బడి పంతులుగారి ఇల్లు. ఆ గొలుసుకి నూనె పెట్టమని రెండేళ్ళ నుంచి మొత్తుకుంటన్నాను."

రెండోది: "ఈది మలుపులో మంగతాయారు. కొత్తగా రంగేశారు, అందుకే గొంతు మారింది."

మూడోది: "ఇది మా పక్కిల్లే!" చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయింది. నాలుగోదీ సరిగ్గా చెప్పాడు. నాలుగుకి నాలుగు. నేను రుజువు కాగితం మీద రాసుకుంటున్నాను.

"ఏమ్మా, పక్కింటిదాకా వచ్చి మా ఇంటి గొలుసు పట్టలేదేం? పిలిస్తే లోవమ్మ కాఫీ కూడా ఇచ్చేది. ఊళ్ళో దానంత వయ్యారంగా మోగేది ఇంకోటి లేదు."

ఎన్నో చెప్పొచ్చు. నాలుగు చాలనుకున్నానని చెప్పొచ్చు. తాళంచెవి పట్టుకునే మనిషి ఇల్లు పరీక్షలో పెట్టకూడదని చెప్పొచ్చు, అది నిజం కూడా. ఒక్కటీ నోటికి రాలేదు. కలం అలాగే పట్టుకుని కాగితం వైపు చూస్తూ ఉండిపోయాను. ఎంతసేపో తెలీదు. ముప్పై ఎనిమిది సెకన్ల కంటే ఎక్కువే అయ్యుంటుంది.

తలెత్తేసరికి ఆయన హెడ్‌ఫోన్లు తీసి తీగని నెమ్మదిగా చుట్టచుడుతున్నాడు. నవ్వు పోలేదు గానీ, దాన్ని బరువులా మోస్తున్నట్టు ఉంది.

గుమ్మంలో నేను అడిగాను. "ఏం పట్టుకెళ్తున్నావు బాబాయ్?"

"నాలుగిళ్ళు," అన్నాడు. కాస్త ఆగి, "ఇంకోటుంది. అది రాయమాకు ఇవాళ."

సంఘానికి రెండు కాగితాలు పంపాను. ఒకటి, రుజువు. రెండోది నా మీద ఫిర్యాదు. 'ఉల్లంఘన: ఒకరి ఆరోగ్య సమాచారాన్ని వారి ఇష్టానికి విరుద్ధంగా తెలియజేశాను. తెలియజేసిన పద్ధతి: మౌనం.' రాశాక చదువుకుంటే ఎవరో వేళాకోళానికి రాసినట్టుంది. అయినా మార్చలేదు.


నమోదు 1818
బుధవారం, ఉదయం ఆటు

నిన్న ఆయన సమయానికి వచ్చాడు. తాళం తిప్పాడు. ఉప్పు తుడిచాడు. జంతికలు లేవు. నన్ను ఏడిపించనూ లేదు. అంత చక్కగా నడిచిన రోజు ఈ పుస్తకంలో ఇంకోటి లేదు, అంత భరించలేనిది కూడా.

నేను చేసింది ఏ పేరుతో పిలవాలో తెలియడం లేదు. మాట నిలబెట్టుకోవాలని ఆరు రోజులు నోరు కట్టుకుని, చివరికి ఆ కట్టుకోవడంతోనే చెప్పేశాను. మరింత బాగా అబద్ధమాడడం నేర్చుకుని ఉంటే ఆయన నిద్ర ఆయనకి ఉండేది. లేదూ, మొదటిరోజే చెప్పి ఉద్యోగం పోగొట్టుకుని ఉంటే నేనైనా సూటిగా ఉండేదాన్ని.

సంఘం నుంచి జవాబు: నమూనాలు వినే అధికారం నాకు ఆరు నెలలు లేదు. తలుపు మాత్రం నేనే తీయాలి, వేరే మనిషి లేరు కాబట్టి.

ఇవాళ తొమ్మిదింటికి, తాళం తిప్పి లోపలికొచ్చిన మనిషి మళ్ళీ బయటికి వెళ్ళాడు. చుట్టూ తిరిగి, వచ్చేపోయేవాళ్ళ గుమ్మం ముందు ఆగి, చెప్పులు విప్పి, తలుపు తట్టాడు. ఇస్త్రీ చొక్కా అప్పుడు గమనించాను.

"ఓలేటి నూకరాజునండి. ఊపిరి ఇచ్చినవాణ్ణి. నా పేరు ఆ జాబితాలోంచి ఈ జాబితాలోకి మార్చాలండి."

నాకు 'అండి' తగిలింది. కానీ ఆయన ఆ కుర్చీలో ఎవరో తెలిసే అన్నాడు, నేనూ ఈ కుర్చీలో ఎవరో తెలిసే ఉండాలి. ఫారం తీశాను. మొదటి ప్రశ్న చదివాను.

"ఈ మార్పు కోసం మిమ్మల్ని ఎవరైనా ఒత్తిడి చేశారా?"

ఆలోచించాడు. "ఒకావిడ మాట్లాడకుండా కూకుందండి. అది ఒత్తిడి కింద వత్తదా?"

"వస్తుంది. రాస్తున్నాను."

"అయితే గట్టిగా రాయండి. రెండు పూటల అన్నం సయించలేదు."

"కారణం చెప్పడం ఇష్టమైతే చెప్పవచ్చు."

"కారణం..." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అన్నయ్య పేరు వాళ్ళు చదివారండి. ఆయన్నెవరూ అడగలేదు. నా పేరు నేనే చదూకుంటాను. అడిగింది నేను, తలుపు తీయించింది నేను. అది వేరు కదండీ."

"వేరే," అన్నాను. ఆయన మాటలే ఫారంలో రాశాను.

సొంత శ్వాస వినాలని అడిగినవాళ్ళు, ఆ ఒక్కరోజుకి రెండో తాళం ఎవరు పట్టుకోవాలో తామే చెప్పవచ్చు. లోవమ్మ పేరు రాయించాడు. "ముప్పై ఎనిమిదేళ్ళ నుంచి నా గురక ఉచితంగా ఇంటంది. దానికంటే అర్హత ఇంకెవరికుంది?" వినిపించేది డాక్టర్ షహనాజ్. నన్ను కూడా గదిలో ఉండమన్నాడు. నాకు వినే అధికారం లేదన్నాను. శ్వాస ఇచ్చిన మనిషి పిలిస్తే ఉందట, నియమాల పుస్తకం ఏడో పేజీలో. నాకంటే ముందే చదివాడు.


నమోదు 1820
శుక్రవారం, ఉదయం పోటు

పట్టిక ఉన్న ఊరినుంచి బాబాయి అంకె సీలు కవర్లో వచ్చింది. చించి చూశాడు. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు, ఇక అవసరం లేదు.

లోవమ్మ పిన్ని తాళం తిప్పడం రాక రెండుసార్లు తప్పింది. "ఇంత మొరటు తాళమేంటే, మా బీరువాదే నయం," అని మూడోసారికి తిప్పింది.

నలుగురం కూర్చున్నాం. షహనాజ్ అంతా ముందే చెప్పింది, ఏం వినబోతున్నాడో, ఎంత భయపడాలో, ఎంత అక్కర్లేదో. "ఆపమంటే ఆపుత బాబాయి, చెయ్యెత్తు," అంది.

గురక మొదలైంది. బాబాయి మురిసిపోయాడు. "పడవ ఇంజనులా లేదూ?" తర్వాత ఇత్తడి ఖణేలుమంది, తన గొలుసుని తలూపి పలకరించాడు. తర్వాత ఆగింది.

అప్పటికే ఒకసారి విన్నదాన్నే. అయినా ఈసారి ఆ మనిషి పక్కనే ఉన్నాడు, తన ఊపిరి తనే వెతుక్కుంటున్నట్టు ముందుకి వంగాడు. పది. ఇరవై. లోవమ్మ పిన్ని పెదవులు కదులుతున్నాయి. ముప్పై. నేను కూడా ఊపిరి బిగబట్టానని తర్వాత తెలిసింది. ముప్పై ఎనిమిది దగ్గర చిన్నగా, మెత్తగా ఏదో తగిలిన చప్పుడు, వెంటనే గుర్రుమని ఊపిరి.

షహనాజ్ వెనక్కి తిప్పింది. మళ్ళీ వింది. ముందుకి జరిపి ఇంకో ఆగిన చోటు వింది, ఇంకోటి. ఆమె ముఖం మారిపోయింది.

"అక్కా, ఆగిన ప్రతిసారి, మొదలయ్యే ముందు ఈ సప్పుడు ఉన్నది. యంత్రం ఏమైనా కదిలిందంటరా?"

లోవమ్మ పిన్ని హెడ్‌ఫోన్లు తీసేసింది.

"యంత్రమేంటి, నా మోచెయ్యి."

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమెకి సిగ్గేసింది.

"గురక ఇంటంటేనే నిద్ర పడతాది నాకు. ఆగిపోతే మెలకువొచ్చేత్తాది. పక్కలో ఒకటి పొడుత్తాను. మళ్ళీ మొదలెడతాడు. నేను పడుకుంటాను. దానికి జబ్బు పేరు నాకేం తెలుసు!"

"ఒసేయ్," అన్నాడు బాబాయి నెమ్మదిగా. "పక్కటెముకల నొప్పి అని ఎన్నేళ్ళుగా మొత్తుకుంటన్నాను. గాలి పట్టిందన్నావు. ఆముదం రాశావు!"

"రాశాను కదా మరి! పొడిచిందీ నేనే, రాసిందీ నేనే. ఇంకేం కావాలంట?"

షహనాజ్ ఏడుస్తూ నవ్వుతోంది. నేను కూడా. బాబాయి మాత్రం పిన్ని మోచేతిని తన అరచేతిలోకి తీసుకుని, మార్కెట్లో వస్తువుని పరీక్షించినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎవరి ముందూ ఆమె చెయ్యి ఆయన అలా పట్టుకోగా నేను చూడలేదు. ఆమె వదిలించుకోలేదు.

తొడుగు ముక్కుకి సరిపోతుందో లేదో చూశారు. సరిపోయింది. ఏనుగులా ఉన్నావంది పిన్ని.

తర్వాత షహనాజ్ నవ్వడం ఆపి, తెర మీది పట్టిక వైపు చూస్తూ అంది: "మిగిలిన ముప్పై తొమ్మిది మంది. అందులో ఒక్కళ్ళే పండుకునేటోళ్ళు ఉంటే?"

గొలుసులు విని ఇళ్ళు పట్టేద్దామని ఈసారి ఆమె అనలేదు. నేనే మొదలుపెట్టాను. ఇన్నాళ్ళూ ఆలోచించనిది కాదు, పైకి అనడానికి భయపడ్డది.

"ఊరికి మనం చెప్పాల్సింది ఒకటి ఉంది. గొలుసులు మిగిలిపోయాయని. ఆ కబురు చెప్పడానికి ప్రతి గుమ్మానికీ వెళ్ళక తప్పదు. వెళ్ళినప్పుడు, జాబితా మార్చుకోవచ్చనే సంగతి కూడా అందరికీ ఒకేలా చెబుదాం. సంఘం ఒప్పుకుంటే."

"నలభై గుమ్మాలకే పోతే తొందరగా అయిపోతది కదక్కా," అంది షహనాజ్. అని, తనే తల అడ్డంగా ఊపింది. "లేదు లేదు. ఏ గుమ్మం ముంగట ఆగినమో ఊరంతా చూస్తది."

"అందుకని అన్ని గుమ్మాల ముందూ ఆగుదాం," అన్నాడు బాబాయి. "పడవ నాది. డాక్టరమ్మ గారు వాంతులు చేసుకోకపోతే రోజుకి అరవై అవుతాయి."

చెప్పొద్దన్నవాళ్ళని మళ్ళీ అడగడమే కదా ఇది అని నాకు అనుమానం. అడగడం కాదు, తలుపు ఎక్కడుందో అందరికీ చెప్పడం అని సర్దిచెప్పుకున్నాను. ఈ రెంటికీ మధ్య తేడా ఎంతో నాకు ఖచ్చితంగా తెలియదు. సంఘానికి కూడా అలాగే రాశాను, తెలియదని. మధ్యాహ్నానికి ఒప్పుదల వచ్చింది, ఒక షరతుతో: ఎవరి జవాబూ ఇంకొకరి చెవిన పడకూడదు.

ఇంతకుముందు అంటించిన పుటలు తెచ్చి బాబాయి ముందు పెట్టాను. ఆయనవి కాబట్టి చదవమన్నాను. బెంచీ మీది గురక దగ్గర నవ్వాడు. కొర్రమీను దగ్గర కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఇంకెందుకు అంటించడం? విప్పేసే ఉంచు," అన్నాడు.

నాలుగింటికి మొదలుపెట్టాం. మొదటి ఇల్లు మంగతాయారుది. నేను గుమ్మం మీద కూర్చుని, గొలుసుల సంగతి చెప్పి, జాబితా మార్చుకునే కాగితం చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఆలోచించింది. జవాబు చెప్పడానికి నోరు తెరవగానే, పడవలో ఉన్న బాబాయి రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, నీళ్ళ అవతలికి వినపడేలా పాట ఎత్తుకున్నాడు.

శ్రుతి లేదు. మాటలు కూడా సగం ఆయన సొంతం. మంగతాయారు నా చెవి దగ్గరికి వంగి, ఒక్క మాట చెప్పింది.

పొద్దుగుంకేలోపు పంతొమ్మిది గుమ్మాలయ్యాయి. పంతొమ్మిది పాటలు. ఆఖరివాటికి గొంతు బొంగురుపోయింది, అయినా ఒక్క చరణం తగ్గించలేదు.